వదులు కుర్చీలు

మా అమ్మాయి చిట్టి చేసిన కుర్చీకి మేకు లేదు, స్క్రూ లేదు, జిగురు లేదు. ప్లైవుడ్ పలకలోంచి కోసిన ముక్కల్ని ఒకదాని గాడిలో ఒకటి దూర్చి, చెక్క సుత్తితో దెబ్బలు వేస్తే కుర్చీ తయారవుతుంది. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మేకు లేని కుర్చీలో మనిషి కూర్చుంటే మళ్ళీ ఎలా లేస్తాడే అని అడిగాను. "మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేస్తాడు" అన్నారు మా ఆయన, పేపరు దించకుండా.

నా భయాలు మా ఇంట్లో అందరికీ వేళాకోళమే. లిఫ్టు ఎక్కితే తాడు తెగుతుందంటాను, మెట్లెక్కితే కాలు జారుతుందంటాను. ఇక పైకి పోయేది ఎలాగో నువ్వే చెప్పు అంటారాయన. కానీ చిట్టి పనిచేసే షెడ్డు చూశాక భయపడని తల్లి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. మంచమంత బల్ల, దాని మీద పలక, పైన గిరగిరా తిరిగే ఒక ఉలి. దాన్ని పట్టుకుని నడిపే చెయ్యే లేదు. కంప్యూటరులో ఏ గీత గీస్తే ఆ గీత వెంట తనంతట తానే పోతుంది. ఆ రొద చెవుల్లో దూరి పళ్ళ దాకా దిగుతుంది. మా చిట్టి జడ అందులో చిక్కుకున్నట్టు నాకు పగలే కలలు వచ్చేవి. రోజూ పొద్దున్నే దాని జుట్టు నేనే గట్టిగా ముడివేసి, టోపీలో దోపి పంపేదాన్ని. ముక్కుకు గుడ్డ కట్టుకున్నావా అని మధ్యాహ్నం ఫోను చేసేదాన్ని. రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో పేరుకుంటుందని ఎక్కడో చదివాను.

ఆ షెడ్డును చిట్టి ఒక్కతే తీసుకోలేదు. కాలేజీలో దానికంటే ముందు చదివిన ఒక అబ్బాయితో కలిసి అద్దెకు తీసుకుంది. అతనికి పాలిష్ బాబు అని పేరు పెట్టింది మా ఆయన. మాట అంత నున్నగా ఉండేది. చిట్టిని చెల్లీ అనేవాడు, నన్ను ఆంటీ అనేవాడు. మా ఇంట్లో భోజనం చేసిన రోజులు తక్కువేమీ కాదు. అతనికి దగ్గు వస్తే నేను కషాయం కాచి సీసాలో పోసి షెడ్డుకి పంపాను. అది క్షయ అయి ఉంటుందేమోనని భయపడి, పరీక్ష చేయించుకునేదాకా వదల్లేదు. కన్నకొడుకు కోసం కూడా అంత భయపడనేమో. ఇప్పుడు తలుచుకుంటే నా నోరే నాకు చేదుగా ఉంటుంది.

కుర్చీ గురించి ఒక్క సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. పలక మందం ఇంత అని దాని మీద అచ్చువేసి ఉంటుంది కానీ, నిజంగా కొలిస్తే ఒక్కో సరుకు ఒక్కో రకంగా ఉంటుందట. వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసిలోనే కుర్చీ ప్రాణం ఉందనేది చిట్టి. అందుకని కొత్త పలకలు వచ్చినప్పుడల్లా ముందు ఒక చిన్న ముక్క కోసేది. అది చూడ్డానికి అచ్చం దువ్వెనలా ఉండేది. దాని పళ్ళ మధ్య సందులు ఒకదానికంటే ఒకటి కాస్త వెడల్పు. ఆ సందుల్లో ఒక తునక దూర్చి చూసేది. ఏ సందులో సుత్తి దెబ్బకు బిగుసుకుని చేత్తో లాగితే రాదో, ఆ సందు కొలత కంప్యూటరులో గీసుకున్న తన బొమ్మలో వేసేది. ఆ ఒక్క అంకె మారిస్తే కుర్చీలోని గాడులన్నీ వాటంతటవే ఆ మందానికి సర్దుకునేవి. ఆ ఏర్పాటు కోసం అది ఏడాదిపైన తల బద్దలు కొట్టుకుంది. మిషనుకు పంపేది మాత్రం ఆ బొమ్మ కాదు, దాన్నుంచి తీసిన అచ్చు. అందులో అంకెలు ఉండవు, గీతలే. ఏ పలక కోసం తీసిన అచ్చు ఆ పలకకే పనికొస్తుంది.

పాలిష్ బాబు ఎత్తుకుపోయింది ఆ అచ్చు.

వేరే చోట సొంతంగా పని మొదలుపెడతానని చెప్పి, నవ్వుతూ, నా చేతి కాఫీ తాగి మరీ వెళ్ళాడు. కొన్నాళ్ళకు చిట్టి ఫోనులో ఒక ఫొటో చూసింది. అదే కుర్చీ. అదే వీపు వంపు, అవే కాళ్ళు. కింద అతని పేరు. ఊరి మధ్య కొత్తగా తెరిచిన పెద్ద కాఫీ షాపు నిండా ఆ కుర్చీలే వేశారట. అక్కడ బాగున్నాయనిపించుకుంటే కొత్త లైబ్రరీలో చదువుకునే హాలు మొత్తానికి అవే తీసుకుంటారట. అదే జరిగితే ఇక ఆ కుర్చీ జన్మలో మా పిల్లది కాదు. చిట్టి అతనికి ఫోను చేసింది. ఆలోచనలు గాలిలో ఉంటాయి చెల్లీ, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళవి అన్నాడట. ఇద్దరూ ఒకే కంప్యూటరు మీద పనిచేశారు. ఎవరు ఏది గీశారని ఎవరికి చూపిస్తాం?

పిల్ల తిండి మానేసింది. నేను దాని గది తలుపు గడియ ఊడదీయించాను. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, నా బుర్ర ఎక్కడెక్కడికి పోతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మా ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు. తనే స్క్రూ డ్రైవరు తెచ్చి ఊడదీశారు.

ఒకరోజు చిట్టి గదిలోంచి నవ్వు వినిపించింది. గుండె గుభేలుమని పరిగెత్తాను. పాలిష్ బాబు తన కుర్చీని బిగించి చూపిస్తున్న వీడియో చూస్తోంది. "అమ్మా, వాడి చేతిలో సుత్తి ఉందా?" అంది. లేదు. ముక్కను గాడిలో పెట్టి అరచేత్తో నొక్కుతున్నాడు, వెన్నలో కత్తిలా దిగిపోతోంది. చూసేవాళ్ళకి అదెంతో నాజూకుగా ఉంది. "వీడు దువ్వెన కొయ్యలేదు" అంది చిట్టి. "నా అచ్చుతో వేరే, కాస్త పల్చటి పలక కోసేశాడు. అన్నీ వదులే."

వదులైతే ఏమవుతుందని అడిగాను. మొదట్లో ఏమీ కాదట. జనం కూర్చుంటారు, వెనక్కి ఊగుతారు, కుర్చీ ఈడుస్తారు. ఊగిన కొద్దీ గాడి అంచులు అరిగి ఇంకా వదులవుతుంది. ఒకనాడు వెనక కాలు పక్కకి తన్నుకుపోతుంది.

అయినా నా కూతురు మంచిది. ఆ నవ్వు నవ్వాక, కాసేపటికి అతనికి సందేశం పంపింది, పలక మందం కొలుచుకో, కీళ్ళు వదులుగా ఉన్నాయి అని. జవాబు వచ్చింది. "నీ కడుపుమంట అర్థమైంది చెల్లీ. మజ్జిగ తాగు." తర్వాత చిట్టి ఎవరి ద్వారానో విన్నది ఏమిటంటే, రంపపు పొట్టులో జిగురు కలిపి ఆ సందులన్నీ పూడ్పించాడట. అంటే అతనికి తెలుసు. తెలిసే జనాన్ని కూర్చోబెట్టాడు.

ఆ మజ్జిగ మాట నేను మరిచిపోలేకపోయాను. నా పిల్ల కడుపు మాడ్చుకున్న ఇంట్లో కూర్చుని ఆ మాట చదివాను. జీవితమంతా నేను ఏదీ జరగకూడదని భయపడుతూ బతికినదాన్ని. మొదటిసారి, ఏదైనా జరగాలని కోరుకున్నాను. ఆ కుర్చీ విరగాలి. అందరూ చూస్తుండగా విరగాలి. ఆ చప్పుడు నా చెవులతో నేను వినాలి.

కూరగాయలకని చెప్పి బస్సెక్కాను. కాఫీ షాపు పెద్దదే. గాజు తలుపు, ఎత్తు కప్పు, గోడ మీద పాలిష్ బాబు ఫొటో, కింద అతని పేరు, ఇంకేవో గొప్ప మాటలు. హాలు నిండా నా కూతురి కుర్చీలు. దగ్గరికి వెళ్ళి ఒకదాని వీపు మీద చెయ్యి వేసి చూశాను. చిన్నగా, పాలపన్నులా కదిలింది. గోడ వారగా ఒక పాత చెక్క బెంచీ ఉంది, పాత షాపు నాటిదట. నేను దాని మీద కూర్చున్నాను. అన్నిటికంటే చవకైన టీ చెప్పి, చూడడం మొదలుపెట్టాను.

లావుపాటి మనిషి వచ్చి కూర్చుంటే నా గుండె ఆనందంతో కొట్టుకునేది. వెనక్కి ఆనితే మరీనూ. ఊగు నాయనా, ఇంకాస్త ఊగు అని లోలోపల బతిమాలుకునేదాన్ని. ఏమీ జరిగేది కాదు. కుర్చీ కిర్రుమనేది, అంతే. ఇంటికి వచ్చి మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని. ఇన్ని కూరగాయలు ఎవరు తింటారని మా ఆయన అడిగారు. మన ఆరోగ్యానికి మంచిదన్నాను.

అలా ఉండగా ఒకరోజు నెలలు నిండిన ఒక అమ్మాయి వచ్చింది. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చేత్తో కుర్చీ లాక్కుని వెనక్కి వాలబోయింది. నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది. "తల్లీ, అందులో వద్దు. కాళ్ళు వదులుగా ఉన్నాయి. ఇలా వచ్చి బెంచీ మీద కూర్చో." ఆ పిల్ల కుర్చీని కదిపి చూసింది, వచ్చి నా పక్కన కూర్చుంది. పక్క టేబులు దగ్గర ఇద్దరు ఆ మాట విన్నారు. తమ కుర్చీలు కదిపి చూసుకున్నారు. వాళ్ళూ లేచారు. వాళ్ళు లేవడం చూసి, వెనక కూర్చున్నవాళ్ళు ఎందుకు లేచారని అడిగారు.

అప్పుడు నాకు తెలిసింది. కుర్చీ విరగాలని నేను ఎదురుచూడక్కర్లేదు. భయపడడం నాకు వచ్చినంత బాగా ఎవరికి వస్తుంది?

ఆనాటి నుంచి నేను దాచుకోలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు. నా మనసులో వచ్చిందే పైకి చెప్పేదాన్ని. చేతిలో బిడ్డ ఉన్న తల్లితో, పడితే నీకేం కాదమ్మా, పిల్లాడి తల ఆ టేబులు అంచుకి కొట్టుకుంటుంది, కళ్ళ ముందు కనబడుతోంది నాకు అనేదాన్ని. పెద్దాయన వస్తే, ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచమే గతి కదండీ అనేదాన్ని. వేడి కాఫీ పట్టుకున్నవాళ్ళకి వేడి కాఫీ సంగతి, కళ్ళద్దాల వాళ్ళకి అద్దాల సంగతి. ఎవరికి తగ్గ భయం వాళ్ళకి కొలిచి ఇచ్చేదాన్ని. చిట్టి దువ్వెనలాగే అనుకోండి. మెల్లగా, బతిమాలుతున్నట్టే చెప్పేదాన్ని. చాదస్తపు మనిషి అని నవ్వేవాళ్ళు కూడా కూర్చునే ముందు ఒకసారి కుర్చీని కదిపి చూసేవాళ్ళు. కదిపాక కూర్చునేవాళ్ళు తక్కువ.

కొద్ది రోజులకే ఆ షాపులో జనమంతా గోడ వార బెంచీ మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. చోటు దొరకనివాళ్ళు నిలబడి తాగేవాళ్ళు. మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉండేవి. షాపావిడ నన్ను రావద్దంది. టీ తాగడానికి వస్తున్నానమ్మా, డబ్బులిచ్చే తాగుతున్నాను అన్నాను. ఆవిడ పాలిష్ బాబుకి ఫోను చేసింది.

అతను వచ్చాడు. ఒక్కడే రాలేదు. లైబ్రరీ వాళ్ళ మేడమ్ కుర్చీలు చూడడానికి వస్తానన్నది ఆ రోజేనట, ఆవిడా వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, భుజాన బరువైన సంచి. అతను నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వేశాడు.

"ఆంటీ, మీరా? ఎంత చిక్కిపోయారు."

"ఈవిడే సార్" అంది షాపావిడ. "రోజూ వచ్చి నా కస్టమర్లని లేపేస్తోంది."

"లేపడం లేదమ్మా, కూర్చోవద్దంటున్నాను" అన్నాను. "కూర్చున్నాక లేపితే ఆ కదలికకే ఏమవుతుందోనని నా భయం."

పాలిష్ బాబు మేడమ్ వైపు తిరిగాడు. ఈ ఆంటీ తనకు బాగా తెలుసన్నాడు. వీళ్ళింట్లో ఫ్యాను కింద మంచం వెయ్యరు మేడమ్, ఊడి మీద పడుతుందని అన్నాడు. బెంచీ మీద వాళ్ళంతా నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. నిజమే, వెయ్యం. మా ఇంట్లో నా చేత్తో వడ్డించిన అన్నం తింటూ చూసిన సంగతి అది. తిన్నవాడు ఆ అన్నం మెతుకులు తీసి అందరి ముందూ నా మొహాన కొట్టాడు. నాకు ఒళ్ళంతా మండింది. కానీ గొంతు మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే భయంగా, మెత్తగా వచ్చింది.

"నిజమే బాబూ, నాకన్నీ భయమే. నీకు భయం లేదు కదా. చేసినవాడివి. నువ్వు కూర్చో, మేడమ్ చూస్తారు."

ఇక కూర్చోక తప్పలేదు. దర్జాగా కుర్చీ లాగి కూర్చున్నాడు.

నేను అతని మొహం చూడలేదు. పిక్కలు చూశాను. ప్యాంటు గుడ్డ కింద తాళ్ళలా బిగుసుకున్నాయి. అతను కూర్చోలేదు. కుర్చీకి ఆనీ ఆనకుండా, తన బరువంతా కాళ్ళ మీద మోస్తూ గాలిలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఊతంగా పెట్టాడు. అలా ఉంటూనే, చెక్క గురించి, అడవుల గురించి, కొత్త పద్ధతుల గురించి మేడమ్‌కి చెప్పడం మొదలుపెట్టాడు.

"వెనక్కి ఆనుకో బాబూ" అన్నాను.

ఫర్వాలేదు ఆంటీ అన్నాడు. మాటలు సాగించాడు. ఎంతసేపు మోస్తాడు ఎవరైనా? ప్యాంటు మడత వణకడం మొదలైంది. కాసేపటికి మోకాళ్ళే వణికాయి. నుదుటి మీద చెమట పట్టింది. మాట మధ్యలో ఊపిరి తెగుతోంది. బెంచీ మీద నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ ఇప్పుడు అతని మాటలు వినడం లేదు, అతని కాళ్ళు చూస్తోంది.

"ఆనుకో నాయనా. నీ కుర్చీయే కదా" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కలిగిన సుఖం ఇంతకుముందు ఎన్నడూ ఎరగను.

అతని కాలు పట్టుతప్పి బరువు కుర్చీ మీద పడింది. కుర్చీ కిర్రుమంది. విరగలేదు. కానీ అతను నిప్పు మీద కూర్చున్నట్టు ఎగిరి లేచాడు. లేచాక తను ఏం చేశాడో తనకే అర్థమైంది. మేడమ్ భుజం మీద సంచి సర్దుకుని, పక్కనున్న కుర్చీని వేలితో కాస్త అటూ ఇటూ కదిపి చూసింది.

"మేడమ్, మీకు నిజం చెప్తాను" అన్నాడు పాలిష్ బాబు. గొంతులో నునుపు పోయింది. "అసలు ఈ డిజైన్ నాది కాదు. వీళ్ళమ్మాయిది. నేను దాన్ని ఉన్నదున్నట్టు కోయించాను, అంతే. తప్పేమైనా ఉంటే తనది. కావాలంటే ఆంటీనే అడగండి."

అందరూ నా వైపు చూశారు.

ఆ మాట కోసమే కదా మా ఇల్లు అన్నాళ్ళు ఏడ్చింది. వాడి నోటితో, నలుగురి ముందు, ఇది చిట్టిదని ఒప్పుకుంటే చాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒప్పుకున్నాడు. తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. అవునమ్మా, మా పిల్లదే అంటే అయిపోయేది. పేరు దానిదయ్యేది. ఆ కిర్రుమనే చప్పుడూ దానిదే అయ్యేది. ఆ వణుకూ, ఈ జనం భయమూ, రేపెప్పుడో విరిగే ఎవరి తుంటి ఎముకో, అన్నీ నా కూతురి నెత్తి మీదకి వచ్చేవి. అది కాదు, పలక మందం అనీ దువ్వెన అనీ అక్కడ నిలబడి చెప్పడం నావల్ల అవుతుందా? చెప్పినా వినేదెవరు?

ఇంకొకటి కూడా ఉంది, దాచడం దేనికి. వాడు ఆ కుర్చీని వదిలించుకోవాలని చూస్తున్నాడు. నాకు వదిలించుకోనివ్వాలని లేదు.

"లేదమ్మా" అన్నాను మేడమ్‌తో. "ఈ కుర్చీ ఈ బాబుదే. అదిగో, గోడ మీద పేరూ ఫొటో ఉన్నాయి. మా అమ్మాయికి దీంతో ఏ సంబంధమూ లేదు."

"ఆంటీ" అన్నాడతను. బతిమాలాడు. "ఆంటీ, మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు బాబూ, చదువుకున్నదాన్నా" అన్నాను.

మేడమ్ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు, తమకు ఇవి పనికిరావని అతనితో కాదు, షాపావిడతో చెప్పింది. షాపావిడ అక్కడికక్కడే కుర్చీలన్నీ తీసుకుపొమ్మని అతనితో గొడవ పెట్టుకుంది. బెంచీ మీద వాళ్ళు ఫోన్లు తీసి ఆ గొడవ వీడియో తీశారు. నేను నా టీ ఆఖరి చుక్క దాకా తాగి బయటికి వచ్చాను. రోడ్డు దాటడానికి ఎప్పుడూ ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకునేదాన్ని. ఆ రోజు ఒక్కదాన్నే దాటాను.

సాయంత్రం చిట్టికి అంతా చెప్పాను. వాడు ఒప్పుకున్నాడా అని అడిగింది. ఒప్పుకున్నాడే అన్నాను. అందరి ముందా? అందరి ముందే.

"నువ్వు కాదన్నావు."

"అన్నాను."

"అంటే ఆ కుర్చీ ఇక వాడిదే" అంది. "నేను ఎప్పుడు ఎక్కడ చేసి పెట్టినా, ఆ వణికే కుర్చీ కదా అంటారు."

నేను తల వంచుకున్నాను. క్షమించమని అడగలేదు, ఎందుకంటే మళ్ళీ ఆ షాపులో నిలబెట్టినా అదే చెప్తాను. అది లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడింది. మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, నా వైపూ దాని వైపూ చూశారు. కింద వీధిలో ఎవరో స్కూటరు తొక్కి తొక్కి స్టార్టు చేశారు. పిల్ల నాతో ఇక జన్మలో మాట్లాడదని నేను నిశ్చయం చేసేసుకున్నాను.

"అమ్మా" అంది చిట్టి, ఇటు తిరక్కుండానే. "ముందు మోకాళ్ళు వణికాయా, పిక్కలా?"

"పిక్కలు" అన్నాను. "ప్యాంటు మడత ముందు."

"సరిగ్గా చెప్పు. వాడు తలుపు తోసుకుని లోపలికి వచ్చిన దగ్గర్నుంచి చెప్పు."

మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.